కణం కాలూనే చోటు: పాలిమర్ పొరను మూలకణాలకు సిద్ధం చేసే పద్ధతి

మా ఇల్లు వరంగల్ కొత్తవాడలో. బాపు జంపఖానాలు నేసేవాడు. కొత్త నూలు ఇంటికి వచ్చిన రోజు ఒక చిలప, అంటే నూలు కట్ట, తీసి నీళ్ల తొట్టిలో వేసేవాడు. పచ్చి నూలు మునగదు, నీటిమీద తెప్పలా తేలుతుంది. పత్తి పోగుకు పుట్టుకతోనే పలుచని మైనం ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. సోడా వేసి ఉడకబెట్టి జాడించిన తర్వాత అదే చిలపను తొట్టిలో వేస్తే చూస్తుండగానే అడుక్కు చేరుతుంది. అప్పుడే రంగు తొట్టి దగ్గరికి తీసుకెళ్లేవాడు. మునగని నూలుకు రంగు వేస్తే మచ్చలు పడుతుందని, ఆ మచ్చలు తర్వాత ఏ సబ్బుకూ లొంగవని చెప్పేవాడు.

పన్నెండేళ్లుగా నేను హనుమకొండలోని ఒక ప్రయోగశాలలో శరీరంలో కరిగిపోయే పాలిమర్లపై మూలకణాలను, అంటే ఎముక, కొవ్వు లాంటి వేర్వేరు కణాలుగా మారగల కణాలను, పెంచుతున్నాను. మా దగ్గరికి ప్రాజెక్టుకు వచ్చే పిల్లలకు మొదటి రోజు చెప్పేది ఆ చిలప సంగతే. నీటిని తాకనివ్వని పొరపై కణాలు పోయడం అంటే మైనం పోని నూలుకు రంగు వేయడమే. కణాలు ఖరీదైనవి, వాటిని పెంచడానికి వారాలు పడుతుంది. నీటి చుక్కకు ఖర్చేమీ లేదు. అందుకని కింద చెప్పబోయే ప్రతి దశ తర్వాతా ఒక చుక్క వేసి చూడమంటాను.

ముందు పాలిమర్ల సంగతి. పీసీఎల్ అంటే పాలీకాప్రోలాక్టోన్, పీఎల్ఏ అంటే పాలీలాక్టిక్ ఆమ్లం. లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు రెండూ కలిసింది పీఎల్‌జీఏ. మూడూ ఎస్టర్ బంధాలతో కూర్చిన పొడవాటి గొలుసులు. శరీరంలోని నీరు ఆ బంధాలను మెల్లగా తెంచుతుంది. రెండు ఆమ్లాలూ సగం సగం ఉన్న పీఎల్‌జీఏ ఒకటి రెండు నెలల్లో కరిగిపోతుంది, పీసీఎల్‌కు రెండేళ్లకు పైగా పడుతుంది. శస్త్రచికిత్సల్లో వాడే కరిగే కుట్టుదారాల్లో కొన్ని ఈ కుటుంబానివే. ఇవి కణాలను చంపవు, కానీ వాటిని పిలిచి కూర్చోబెట్టవు కూడా. మొదటిసారి చేసేవారు పీసీఎల్‌తో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. గట్టిగా ఉంటుంది, ఒకటి రెండు తప్పులు తట్టుకుంటుంది. పైగా మన ఎండలకు అదే మంచిది. పీఎల్‌జీఏ సాధారణంగా 45 నుంచి 50 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. ఒక మే నెలలో మాకు రావలసిన పొట్లం రెండు రోజులు ఎక్కడో ఎండకు కాగే గదిలో ఆగిపోయింది. విప్పి చూస్తే గింజలన్నీ ఒక ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. అప్పటి నుంచి పీఎల్‌జీఏను నవంబరు, ఫిబ్రవరి మధ్యనే తెప్పించుకుంటాం.

ఉపరితలాన్ని ఎందుకు మార్చాలో అర్థమైతే ఎంత మార్చాలో దానంతట అదే తెలుస్తుంది. కణం పాలిమర్‌ను నేరుగా ముట్టుకోదు. కణాలను పెంచే పోషక ద్రవాన్ని మీడియం అంటాం, అందులో సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలుపుతాం. పొరను మీడియంలో ముంచిన క్షణం నుంచే సీరంలోని ప్రొటీన్లు దానిపై వాలడం మొదలుపెడతాయి. కణం దిగేసరికి అక్కడ ప్రొటీన్ల పరుపు సిద్ధంగా ఉంటుంది. ఆ పరుపులో ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ అనే ప్రొటీన్లు ఉన్నాయా, ఉంటే సరైన ముఖం పైకి పెట్టి ఉన్నాయా అని కణం వెతుక్కుంటుంది. ఫైబ్రోనెక్టిన్‌లో కణం పట్టుకునే భాగం చాలా చిన్నది. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు వరుసగా ఉండే ఆ చోటును 1984లో గుర్తించారు. మూడింటి గుర్తులు కలిపి దాన్ని ఆర్‌జీడీ అంటాం. కణం పైపొరలో ఉండే ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లు అక్కడే పట్టు చిక్కించుకుంటాయి. నీటిని బొత్తిగా సహించని ఉపరితలాన్ని సీరంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆల్బుమిన్ ఆక్రమిస్తుంది. ఫైబ్రోనెక్టిన్‌కు చోటు దొరికినా అది మెలికపడి, పట్టు దొరకాల్సిన భాగం లోపలికి ముడుచుకుపోతుంది. అలాగని ఉపరితలం నీటిని మరీ ఎక్కువగా పట్టుకున్నా నష్టమే, ప్రొటీన్లు దానిపై నిలవవు. కణాలకు నచ్చేది నడిమి స్థితి. పొరపై పెట్టిన నీటి చుక్క అంచు పొరతో చేసే కోణాన్ని స్పర్శ కోణం అంటాం, అది ఎంత తక్కువైతే నీరు అంతగా పరుచుకుంటుంది. ఆ లెక్కలో చెప్పాలంటే సుమారు 40 నుంచి 70 డిగ్రీల మధ్య. మామూలు పీసీఎల్ పొరపై ఆ కోణం 80 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనం దించాల్సింది కొంచెమే. ఈ మాట చాలామంది మరిచిపోయి, పొరను గంటల తరబడి రసాయనంలో నానబెట్టి పాడుచేస్తారు.

పొర పోయడం

సగటు అణుభారం 80,000 ఉన్న పీసీఎల్ గింజలు 1 గ్రాము తూచి, 10 మి.లీ. క్లోరోఫాంలో వేసి మూత పెట్టి కలపండి. పూర్తిగా కరగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈ పనంతా ఆవిరులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. నీలం రంగు నైట్రైల్ తొడుగులు వేసుకున్నాం కదా అని ధీమా వద్దు, క్లోరోఫాం వాటిని నిమిషాల్లో దాటి చర్మాన్ని తాకుతుంది. చేతిపై చుక్క పడితే వెంటనే తొడుగు మార్చండి. ద్రావణాన్ని 9 సెంటీమీటర్ల గాజు పెట్రీ డిష్‌లో పోయాలి. ప్లాస్టిక్ డిష్ అయితే పాలీస్టైరీన్ కాబట్టి అదీ పొరతోపాటు కరుగుతుంది. డిష్ సమతలంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే పొర ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా వస్తుంది. పైన చిల్లులు పొడిచిన అల్యూమినియం రేకు కప్పి రాత్రంతా వదిలేయండి. త్వరగా ఆరాలని ఫ్యాను పెడితే బుడగలు వస్తాయి. సరిగ్గా ఆరితే సుమారు 0.14 మి.మీ. మందం పొర వస్తుంది, పుస్తకం అట్ట కంటే పలుచన, నోటుపుస్తకం కాగితం కంటే మందం.

జూలై, ఆగస్టు నెలల్లో ఒక చిక్కు ఉంది. క్లోరోఫాం ఆవిరవుతున్నప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, ముసురుపట్టిన గాలిలోని తేమ దానిపై సన్నని తుంపరగా దిగుతుంది. నీరు ఆరిపోయాక ఆ తుంపర చోట గుంటలు మిగులుతాయి. పొర పాల మీగడలా తెల్లగా కనిపిస్తుంది. పీసీఎల్ ఎలాగూ కాస్త మసకగానే ఉంటుంది కాబట్టి తేడా తెలియక చాలామంది అదే వాడేస్తారు. తర్వాత కణాలు బాగా పెరిగితే రసాయన చర్య వల్ల పెరిగాయో, గుంటల వల్ల పెరిగాయో చెప్పలేని పరిస్థితి వస్తుంది. వానాకాలంలో డిష్‌ను సిలికా జెల్ పెట్టిన పెట్టెలో ఆరబెట్టండి, పెట్టెను మాత్రం హుడ్‌లోనే ఉంచండి.

ఆరిన పొరను రెండు రోజులు వాక్యూమ్‌లో ఉంచాలి. కంటికి ఆరినట్టు కనిపించినా లోపల క్లోరోఫాం ఇంకా ఉంటుంది, అది కణాలకు విషం. తర్వాత 12 మి.మీ. బిళ్లలుగా కొట్టుకోవాలి. ఇందుకు మేము చౌరస్తా దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న తోలు పంచ్ వాడతాం, ఆల్కహాల్‌తో తుడిచి. ఈ బిళ్ల కణాలు పెంచే 24 గుంటల ప్లేటులో ఒక్కో గుంటలో సులువుగా కూర్చుంటుంది. గాజును ఆనుకున్న ముఖం నున్నగా ఉంటుంది, గాలి తగిలిన ముఖంపై స్ఫటికాల ఎత్తుపల్లాలు ఉంటాయి. కణాలు రెండింటిపై ఒకేలా ప్రవర్తించవు. అంచున చిన్న గాటు పెట్టి ఏది ఏ ముఖమో గుర్తించుకోండి. నేను ఎప్పుడూ గాజు ముఖమే వాడతాను.

కాస్టిక్ సోడాతో

ఇక్కడికి వచ్చేసరికి మా కొత్తవాడ అద్దకం తొట్టి నాకు కళ్లకు కడుతుంది. రెండు చోట్లా సోడాయే, పని వేరు. అక్కడ సోడా మైనాన్ని విడదీస్తుంది. ఇక్కడ కాస్టిక్ సోడా పైపైన ఉన్న ఎస్టర్ బంధాలను తెంచుతుంది. తెగిన ప్రతి చోటా ఒక కొసకు కార్బాక్సిల్, ఇంకో కొసకు హైడ్రాక్సిల్ గుంపు వస్తుంది. రెండూ నీటికి ఇష్టమైనవే. లోపలి పాలిమర్ చెక్కుచెదరదు.

బిళ్లలను ముందుగా సగం ఇథనాల్, సగం నీరు కలిపిన దానిలో రెండు గంటలు ఉంచి వేలిముద్రల జిడ్డు పోగొట్టాలి. తర్వాత ఆరబెట్టి ఒక్కో జట్టుకు పదేసి బిళ్లలను కలిపి నాలుగు దశాంశాల తూకంపై తూచి రాసుకోండి. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌ను స్వేదనజలంలో కరిగించి మొత్తం 100 మి.లీ.కి తెస్తే 1 మోలార్ ద్రావణం అవుతుంది. కరిగేటప్పుడు వేడెక్కుతుంది, చల్లారనివ్వండి. కళ్లద్దాలు లేకుండా దీని దగ్గరికి వెళ్లకండి. చర్మంపై పడిన కాస్టిక్ జారుడుగా తగులుతుందే కానీ వెంటనే మంట పెట్టదు, కంట్లో పడితే మాత్రం చూపు పోవచ్చు.

బిళ్లలు ద్రావణంలో తేలకుండా గాజు పలకల మధ్య నిలువుగా నిలబెట్టి, 37 డిగ్రీల నీటితొట్టిలో పెట్టండి. గది ఉష్ణోగ్రత అని రాసుకోవద్దు. మన దగ్గర జనవరి గదికి, మే గదికి పాతిక డిగ్రీల తేడా ఉండొచ్చు, చర్య వేగం అంతా మారిపోతుంది. మొదటిసారి ఒక గంట, మూడు గంటలు, ఆరు గంటలు అని మూడు జట్లుగా చేయండి. ఒక్కో జట్టును తీసి స్వేదనజలంతో కడిగి, కడిగిన నీటి పీహెచ్ మామూలు స్థితికి వచ్చేదాకా నీరు మారుస్తూ ఉండండి. ఆరబెట్టి మళ్లీ తూచండి. బరువు 1 శాతానికి మించి తగ్గితే పైపొర దాటి లోపలి పాలిమర్‌ను తినేశారని అర్థం. పీఎల్‌జీఏకు ఇంత గట్టి ద్రావణం పనికిరాదు. 0.1 మోలార్‌లో కొద్ది నిమిషాలతో మొదలుపెట్టాలి.

స్వేదనజలం అని మళ్లీ మళ్లీ చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి స్వేదనజలం అయిపోతే ఒక విద్యార్థిని బోరు నీటితో కడిగింది. మా బోరు నీళ్లు కఠినమైనవి. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కాస్టిక్‌తో కలిసి తెల్లని మడ్డిగా విరుగుతాయి. ఆ మడ్డి బిళ్లలపై అంటుకుంది. సూక్ష్మదర్శినిలో చూసి, ఉపరితలం చక్కగా గరుకుబారిందని ఆ అమ్మాయి ఎంతో సంతోషపడింది. ఆ బిళ్లలపై ఒక చుక్క పలుచని ఆమ్లం వేయగానే గరుకంతా కరిగిపోయింది. వారం పని పోయినందుకు ఆమెతోపాటు నేనూ బాధపడ్డాను. నీళ్ల డబ్బాలపై పెద్ద అక్షరాలతో పేర్లు రాయడం ఆ రోజే మొదలైంది.

చుక్క వేసి చూడటం

స్పర్శ కోణం కొలిచే యంత్రం లేకపోయినా పని జరుగుతుంది. బిళ్లను సమతలమైన బల్ల అంచున పెట్టండి. వెనుక తెల్ల కాగితం, దాని వెనుక దీపం ఉంచండి. మైక్రోపిపెట్‌తో 5 మైక్రోలీటర్ల స్వేదనజలం చుక్కను మెల్లగా దించండి, పైనుంచి పడేయకండి. ఫోను కెమెరాను చుక్క ఎత్తుకే దించి పక్కనుంచి ఫొటో తీయండి. పది సెకన్లలోపు తీయాలి, ఆలస్యమైతే చుక్క ఆరుతూ కోణం తగ్గి కనిపిస్తుంది. ఫొటోను కంప్యూటర్‌లో ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, చుక్క పొరను తాకే చోట కోణం కొలవండి. ఒక బిళ్లపై ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి. ఐదింటి మధ్య తేడా పదిహేను డిగ్రీలకు మించితే సగటును నమ్మవద్దు. పని సమంగా జరగలేదని ఆ తేడాయే చెబుతోంది.

మొదటిసారి ఇది చూడటం ఎంత ఆనందమో చెప్పలేను. మామూలు పీసీఎల్‌పై చుక్క ముత్యంలా ఉబ్బుగా కూర్చుంటుంది, బిళ్లను వంచితే అంచుదాకా వచ్చి ఆగుతుంది. మూడు గంటల బిళ్లపై అదే చుక్క బోర్లించిన మూకుడులా పరుచుకుంటుంది. వంచినా కదలదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపితే ఉపన్యాసం అక్కర్లేదు.

కార్బాక్సిల్ గుంపులు నిజంగా వచ్చాయో లేదో టొలుయిడిన్ బ్లూ రంగు చెబుతుంది. పీహెచ్ 10 దగ్గర ఆ రంగు కార్బాక్సిల్‌ను పట్టుకుంటుంది. మిగతా రంగును కడిగేసి, 50 శాతం ఎసిటిక్ ఆమ్లంలో బిళ్లను ఉంచితే పట్టుకున్న రంగు వదిలి ద్రావణం నీలమవుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 633 నానోమీటర్ల కాంతి దగ్గర కొలవవచ్చు. మార్పు చేయని బిళ్లనూ పక్కనే పెట్టి చేయండి, లేకపోతే ఊరికే అంటుకున్న రంగును కూడా లెక్కలో వేసుకుంటారు.

ప్రొటీన్‌ను గట్టిగా కట్టడం

కాస్టిక్ చేసిన బిళ్లలు నాలుగైదు రోజుల ప్రయోగానికి చాలు. మూడు వారాలు పెంచాలంటే మాత్రం ప్రొటీన్‌ను రసాయన బంధంతో కట్టడం మేలు. నేను వాడేది జెలటిన్. కొల్లాజెన్ నుంచి వచ్చేదే, ఆర్‌జీడీ ఇందులోనూ ఉంటుంది, ధర తక్కువ. ఇక్కడి నుంచి పనంతా సూక్ష్మజీవుల బెడద లేకుండా, వడగట్టిన గాలి వీచే లామినార్ హుడ్‌లో జరగాలి కాబట్టి బిళ్లలను ముందే శుద్ధి చేసుకోండి. వేడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ మాట తలపెట్టవద్దు. అది 121 డిగ్రీలు, పీసీఎల్ 60 దగ్గరే కరుగుతుంది. 70 శాతం ఇథనాల్‌లో అరగంట, ఆపై శుద్ధి చేసిన ఫాస్ఫేట్ లవణ ద్రావణంతో మూడుసార్లు కడగడం, ఒక్కో ముఖానికి అరగంట అతినీలలోహిత కాంతి. అంతకు మించితే ఆ కాంతే గొలుసులను తెంచుతుంది.

ఈడీసీ, ఎన్‌హెచ్ఎస్ అనే రెండు రసాయనాలు కార్బాక్సిల్‌ను మేల్కొలుపుతాయి. అలా మేల్కొన్న కార్బాక్సిల్ జెలటిన్‌లోని అమీన్ అనే నత్రజని గుంపును పట్టుకుని అమైడ్ బంధం వేసుకుంటుంది. పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాన్ని బఫర్ అంటాం. పీహెచ్ 5.5 ఉన్న 0.1 మోలార్ ఎంఈఎస్ బఫర్‌లో ఈడీసీ 50 మిల్లీమోలార్, ఎన్‌హెచ్ఎస్ 25 మిల్లీమోలార్ చొప్పున అప్పటికప్పుడు కలిపి 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపండి. నిన్న కలిపినది పనికిరాదు, ఈడీసీ నీటిలో చెడిపోతుంది. బిళ్లలను అరగంట ఉంచి, వేగంగా ఒకసారి కడిగి, వెంటనే మి.లీ.కి 1 మిల్లీగ్రాము జెలటిన్ ఉన్న ఫాస్ఫేట్ ద్రావణంలోకి మార్చండి. జెలటిన్‌ను 40 డిగ్రీల దగ్గర కరిగించి, వెచ్చగా ఉండగానే ఫిల్టర్ చేయాలి. రాత్రంతా ఉంచి మర్నాడు బాగా కడగండి. ట్రిస్, గ్లైసిన్ లాంటివి ఈ దశలో ఏ బఫర్‌లోనూ ఉండకూడదు. వాటికీ అమీన్ ఉంటుంది, జెలటిన్‌కు దక్కాల్సిన చోటు అవి లాగేసుకుంటాయి.

ఇంకో దారి హెక్సేన్ డైఅమీన్. ఐసోప్రొపనాల్‌లో 10 శాతం కలిపి 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచితే, అణువు ఒక కొసతో ఎస్టర్‌ను తెంచి అక్కడ అతుక్కుంటుంది. రెండో కొసలో ఉన్న అమీన్ బయటికి చూస్తూ మిగులుతుంది. దానికి గ్లూటరాల్డిహైడ్ ద్వారా జెలటిన్‌ను కలుపుతారు. ఇది బలమైన పద్ధతే. దీన్ని నేను రెండో స్థానంలో పెట్టడానికి సొంత అనుభవం కారణం. ఒకసారి సాయంత్రం బిళ్లలు వేసి, ఇంట్లో పని పడి తీయకుండా వెళ్లిపోయాను. పొద్దున పట్టకారుతో ఎత్తబోతే బిళ్ల పాత అప్పడంలా విరిగింది. గొలుసులు ఉపరితలం దాటి లోపలిదాకా తెగిపోయాయి. మరోసారి సమయం సరిగ్గానే చూశాను కానీ కడగడం చాలలేదు. మర్నాటికి కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి. ఈ దారిలో వెళ్లేవారు అమీన్ దశ తర్వాత 24 గంటలు నీళ్లు మారుస్తూ కడగాలి. గ్లూటరాల్డిహైడ్ తర్వాత మిగిలిపోయిన ఆల్డిహైడ్లను చివర్లో గ్లైసిన్‌తో మూసేయాలి. అమీన్ వచ్చిందా అన్నది నిన్‌హైడ్రిన్ చెబుతుంది. ఒక బిళ్లను నిన్‌హైడ్రిన్ ఇథనాల్ ద్రావణంలో ముంచి తీసి వేడి చేస్తే ఊదారంగు వస్తుంది. ఆ బిళ్ల వేడికి కరిగినా ఫరవాలేదు, దాని పని అయిపోయింది. డైఅమీన్ సీసా విషయంలో ఒక జాగ్రత్త. అది 40 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి మన వేసవిలో సీసాలో ద్రవమైపోతుంది. ఒలికితే చర్మాన్ని కాలుస్తుంది. చల్లని చోట ఉంచండి.

కొందరు పాలీడోపమీన్ పూత వేస్తారు. సముద్రపు ఆల్చిప్పలు రాళ్లను పట్టుకునే జిగురు నుంచి పుట్టిన ఆలోచన ఇది, 2007లో వెలుగులోకి వచ్చింది. మి.లీ.కి 2 మిల్లీగ్రాముల డోపమీన్ హైడ్రోక్లోరైడ్‌ను పీహెచ్ 8.5 ఉన్న 10 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్‌లో కలిపి, గాలి తగిలేలా ఒక రాత్రి కదుపుతూ ఉంచితే గోధుమరంగు పూత పడుతుంది. దాదాపు ఏ ఉపరితలాన్నైనా పడుతుంది. ట్రిస్ పీహెచ్ డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున పడిపోతుంది. ఏసీ గదిలో 25 దగ్గర సరిచేసిన బఫర్‌ను 38 డిగ్రీల వరండా గదిలో వాడితే 8.1కి దిగుతుంది, పూత ఆలస్యమవుతుంది. వాడే చోటే పీహెచ్ చూడండి. విద్యుత్తుతో చైతన్యపరిచిన వాయువును ఉపరితలానికి తాకించే ప్లాస్మా యంత్రం ఉన్నచోట నిమిషంలో పని అవుతుంది. కాకపోతే పీసీఎల్ గొలుసులు గది వేడిమిలోనే కదులుతూ ఉంటాయి కాబట్టి పైకి వచ్చిన గుంపులు మళ్లీ లోపలికి తిరిగిపోతాయి. ప్లాస్మా చేసిన గంటలోనే ప్రొటీన్ వేసేయండి.

ఉప్పు కరిగించి చేసే స్పాంజి లాంటి నిర్మాణాలకు ఇంకో అవస్థ ఉంది. రామప్ప గుడి ఇటుకల్లా ఇవి నీటిమీద తేలుతాయి, రంధ్రాల నిండా గాలి ఉంటుంది కనుక. ఏ ద్రావణం పోసినా పైనే ఆగుతుంది. ముందు ఇథనాల్‌లో ముంచి, వాక్యూమ్‌తో గాలి లాగి, తర్వాత ఇథనాల్‌ను కొంచెం కొంచెంగా నీటితో మార్చాలి. మునిగిన తర్వాతే పైన చెప్పిన ఏ పద్ధతైనా మొదలుపెట్టండి.

కణాలు పోసే రోజు

మనిషి కణాలతో పని అంటే మీ సంస్థలోని నైతిక కమిటీ, మూలకణ పరిశోధన కమిటీ అనుమతులు ముందే చేతిలో ఉండాలి. 2017 జాతీయ మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఇక్కడ చెబుతున్నదంతా ప్రయోగశాల పని, రోగి శరీరంలో పెట్టేందుకు కాదు.

మూలకణాలకంటే ముందు ఎల్929 అనే ఎలుక కణాలతో ఒక విడత చేయండి. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. అవే చచ్చిపోయే పొరపై మూలకణాలు బతకవు. అవి బతికితేనే మెసెంకైమల్ మూలకణాలు (ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలవి) బయటికి తీయండి. కణాలను ఒక డిష్ నుంచి విడదీసి కొత్త డిష్‌లోకి మార్చిన ప్రతిసారీ ఒక తరం అని లెక్క. మూడు నుంచి ఐదో తరం లోపు కణాలైతే చురుకుగా ఉంటాయి.

బిళ్లలు గుంటలో తేలకుండా సిలికోన్ వలయం పెట్టి నొక్కి ఉంచండి. 10 శాతం సీరం ఉన్న మీడియంలో రాత్రంతా ఇంక్యుబేటర్‌లో నానబెడితే ప్రొటీన్ల పరుపు సిద్ధమవుతుంది. మర్నాడు మీడియం తీసేసి, 40 మైక్రోలీటర్లలో 10,000 కణాలు ఉండేలా చేసుకున్న చుక్కను బిళ్ల నడుమ దించండి. చదరపు సెంటీమీటరుకు 9,000 దాకా వస్తాయి. చుట్టూ ఉన్న ఖాళీ గుంటల్లో శుద్ధి చేసిన నీరు పోయండి, లేకపోతే ఇంత చిన్న చుక్క అంచున ఆరి కణాలు చస్తాయి. గంటన్నర తర్వాత అర మి.లీ. మీడియంను గుంట గోడ వెంబడి జారవిడవండి. మార్పు చేయని పొర, మామూలు కల్చర్ ప్లాస్టిక్, రెండూ పక్కన తప్పనిసరి.

పీసీఎల్ మసకగా ఉండటంతో మామూలు సూక్ష్మదర్శినిలో కణాలు సరిగా కనిపించవు. ఫాలాయిడిన్ అనే రంగుతో కణం లోపలి ఆక్టిన్ ప్రొటీన్ దారాలకు, డీఏపీఐ అనే రంగుతో కేంద్రకాలకు రంగు వేసి ఫ్లోరసెన్స్‌లో చూడండి. నాలుగు గంటలకు చాలా కణాలు ఇంకా గుండ్రంగా ఉంటాయి, కొన్ని మాత్రం అంచుల నుంచి సన్నని వేళ్లు చాపుతుంటాయి. 24 గంటలకు మంచి పొరపై కణం కదురులా సాగి, ఆక్టిన్ దారాలు ఈ కొస నుంచి ఆ కొసకు బిగుతుగా కనిపిస్తాయి. మగ్గంపై బిగించిన పడుగు ఇలాగే ఉంటుంది. మార్పు చేయని పొరపై అదే సమయానికి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కడతాయి.

ఒకటి, మూడు, ఏడో రోజుల్లో లెక్క చూడండి. చూసే ముందు ప్రతి బిళ్లను కొత్త గుంటలోకి మార్చడం మరవవద్దు. పొర అంగీకరించని కణాలు జారి గుంట అడుగున ప్లాస్టిక్‌పై హాయిగా పెరుగుతాయి. వాటినీ కలిపి లెక్కిస్తే చెడ్డ పొరకు మంచి మార్కులు పడతాయి. బతికున్న కణాలను లెక్కగట్టే ఎంటీటీ పరీక్షలో, కణాలు తయారుచేసే ఊదా స్ఫటికాలను కరిగించడానికి డీఎంఎస్ఓ అనే ద్రావకం పోస్తారు. అది పీఎల్‌జీఏనూ కరిగిస్తుంది. పీఎల్‌జీఏ వాడేవారు అదే పనికి రెసాజురిన్ అనే రంగుతో చేసే పరీక్ష ఎంచుకోండి. అందులో కణాలు చావవు కాబట్టి అదే బిళ్లను ఏడో రోజు దాకా చూడవచ్చు కూడా.

సంఖ్య పెరిగినంత మాత్రాన మూలకణాలు మూలకణాలుగానే ఉన్నాయని కాదు. మెసెంకైమల్ మూలకణాలకు 2006లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతలు మూడు. ప్లాస్టిక్‌కు అంటుకుని పెరగాలి. కణం పైపొరపై సీడీ73, సీడీ90, సీడీ105 అనే ప్రొటీన్ గుర్తులు ఉండి, సీడీ34, సీడీ45 లాంటి రక్తకణాల గుర్తులు ఉండకూడదు. ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలగాలి. ఏడో రోజు కణాలను పొర నుంచి ట్రిప్సిన్ అనే ఎంజైముతో విడదీసి ఆ గుర్తులు చూసుకోండి. కొన్నిటిని ఎముక కణాలుగా మారమని పురిగొల్పే ఎముక మీడియంలో మూడు వారాలు ఉంచి, ఎలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే కాల్షియం పేరుకున్న చోట ఎర్రగా కనిపిస్తుంది. ఎముక మీడియం వేయకుండా కొన్ని బిళ్లలు అలాగే ఉంచండి. వాటిపైనా ఎర్రదనం కనిపిస్తే మీ ఉపరితలమే కణాలను ఎముక వైపు నెడుతున్నట్టు. ఎముక మరమ్మతు మీ లక్ష్యమైతే మంచిదే, మరొకటైతే పొరను మార్చాలి.

మిగిలిన కాస్టిక్ బిళ్లలను ఆరబెట్టి, సిలికా జెల్‌తో మూత గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. వారంలోపు వాడటం మంచిది. జెలటిన్ కట్టినవి శుద్ధి చేసిన ఫాస్ఫేట్ ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులే. డబ్బాపై పోసిన తేదీ, ఆ రోజు గది వేడిమి, గాలిలో తేమ, ఎన్ని గంటలు కాస్టిక్‌లో ఉంచారో రాయండి. వాడే రోజు ఆరబెట్టిన డబ్బాలోంచి ఒక బిళ్ల తీసి చుక్క వేయండి. కోణం 70 దాటితే ఆ డబ్బాను పక్కన పెట్టి, కొత్తగా వచ్చిన పిల్లలకు బిళ్లలు కడగడం, పట్టకారుతో తిప్పడం నేర్పడానికి వాడుకోండి.